ఎద్దు పోయిన బాట

నవంబర్ 3, సోమవారం

బండ్లు రోడ్డెక్కి ఇవాళ్టికి ఏడాది. పది కరెంటు కార్లు, పదమూడు మంది డ్రైవర్లు, నంద్యాల నూనెపల్లెలో ఒక షెడ్డు, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర అద్దె స్థలంలో ఒక చార్జర్. ఆరు నెలలు కూడా నడవదని పందెం కాసిన మా చిన్నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పాను. దీపిక కేక్ తెచ్చింది. ఆఫీసులో కూర్చుని ఏ బండి ఎటు పోవాలో పంచేది ఈ పిల్లే. కేక్ మీద నా పేరు రాయించింది. ఇదంతా ఎందుకని కసిరాను గానీ లోపల సంతోషంగానే ఉంది.

చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. హైదరాబాద్‌లో ఒక క్యాబ్ కంపెనీలో పన్నెండేళ్లు డ్రైవర్లను చేర్చుకునే పని చేసినదాన్ని. "మీ బండికి మీరే యజమాని" అని నమ్మించి చేర్చుకోవడం, ఏడాది తిరక్కుండా ఆ బండి ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోతే వాళ్ల ఫోన్ ఎత్తకపోవడం. ఆ పాపం నా ఊళ్లో చేయకూడదనే ఈ పద్ధతి పెట్టుకున్నాను. బండి నాది, నష్టం వస్తే నాది. వాళ్లకు నెల జీతం, వారానికో సెలవు, ఎనిమిది గంటల డ్యూటీ. "మీరు నా దగ్గర ఉద్యోగులు" అన్నాను.

వెనక నుంచి దేవదానం ఫక్కున నవ్వాడు.

"ఏముంది నవ్వేదానికి?"

"ఏం ల్యాదమ్మా. మా చర్చి సంఘంలో ఒగాయప్ప, ఏం జేస్తాండావు దేవదానం అనడిగె. సుకన్యమ్మ కాడ జీతానికుండా అంటి. అయ్యో, ఈ కాలంలో గూడానా అనె."

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా వైపు జీతానికి ఉండటం అంటే ఒకరింట్లో ఎద్దుల దగ్గర పడి ఉండటం. వాళ్ల నాయన యాకోబు మా ఇంట్లో ఇరవై రెండేళ్లు అట్లా ఉన్నవాడే. "అది వేరే జీతం, ఇది వేరే జీతం. నోరు మూసుకుని కేక్ తిను" అన్నాను.

పదమూడు మందిలో నన్ను మేడం అనకుండా అమ్మా అనేది అతనొక్కడే. ఎన్నిసార్లు చెప్పినా మారడు. యాభై రెండేళ్ల మనిషి, ఈ రోడ్డులో ముప్పై ఏళ్లు జీపు తోలినవాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాడు. నా చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయింది కూడా అతనే. ఆ రోజుల్లో అన్నా అని పిలిచేదాన్ని. మా అమ్మ మాన్పించింది.

నవంబర్ 9, ఆదివారం

మేనత్త వాళ్లు వచ్చారు. భోజనాలయ్యాక నాయన మళ్లీ ఎద్దు కథ ఎత్తుకున్నాడు. మా ఇంట్లో ఈ కథ వినని చుట్టం లేదు.

నాయన జూపాడు బంగ్లా నుంచి కొత్తగా ఒక ఎద్దును కొనుక్కొచ్చాడు. మూడో రోజు అది పలుపు తెంచుకుని పోయింది. తెల్లారి యాకోబు వచ్చి, "ఎద్దు కనపళ్లేదప్పా, ఏం జేద్దును?" అని అడిగాడు. నాయన వేపపుల్ల నములుతూ చిరాగ్గా, "ఏం జేస్తావు, ఎద్దు పోయిన బాటే నువ్వూ పో!" అన్నాడు. యాకోబు సరే అని ఉన్నపళంగా పోయాడు. సంగటి కూడా తినలేదు. రెండు రోజులు అయిపు లేడు, ఎటు పోయాడో తెలియదు. మూడో రోజు పొద్దు గుంకే వేళకు ఎద్దును తోలుకుని వచ్చి నిలబడ్డాడు. అది పాత యజమాని కొట్టానికే పోయిందట. ఇతను దాని గిట్టల జాడ పట్టుకుని జూపాడు బంగ్లా దాకా నడిచాడు.

"తిట్టుకూ మాటకూ తేడా తెలీని పిచ్చోడు!" అని నాయన తొడ చరుచుకుంటాడు. అందరూ నవ్వుతారు. అమ్మ ఉన్న రోజుల్లో కథ చివర ఎప్పుడూ ఒక మాట కలిపేది. "నోరు మంచిదైతే ఊరు మంచిది. నీ నోటికి భయపడే ఆ ఎద్దు పారిపోయింటాది" అని.

నాయన నోరే నాకు వచ్చిందని అందరూ అంటారు. నేనూ నవ్వాను. ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది.

నవంబర్ 13

చాగలమర్రి దగ్గర ఒక బండి చార్జింగ్ సున్నాకు వచ్చి ఆగిపోయింది. లోపల అహోబిలం పోయి వస్తున్న కుటుంబం, చంటిబిడ్డతో సహా. వాళ్లు నన్ను తిట్టిన తిట్లు మా నాయనకు కూడా రావు. మరో బండితో లాగించి తెచ్చేసరికి పొద్దు పోయింది.

ఇక చాలు. ఇవాళ్టి నుంచి పదిహేను రూలు. ఏ బండి అయినా షెడ్డులోకి వచ్చేటప్పటికి చార్జింగ్ పదిహేను పర్సెంట్‌కు తగ్గకూడదు. తగ్గితే మెమో. మూడు మెమోలైతే పని నుంచి తీసేస్తాను. గ్రూపులో పెట్టాను. పన్నెండు మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దేవదానం ఒక్కడే "సరేమ్మా" అని వాయిస్ పెట్టాడు.

నవంబర్ 19

అందరికంటే ముందు రెండు మెమోలు తెచ్చుకున్నది ఎవరు? మన దేవదానం మహానుభావుడే. మొన్న పన్నెండుతో వచ్చాడు. ఎవరో ముసలామె నడవలేదని బత్తలూరు లోపలి దాకా తీసుకుపోయి ఇంటి గడప ముందు దించాడట. ఇవాళ పదమూడు. పసిబిడ్డ నిద్రపోతోందని అరగంట ఏసీ వేసుకుని నిలబెట్టాడట.

"దయంతా నా బ్యాటరీ మీదేనా?" అన్నాను.

"జీపుకైతే న్యూట్రల్ కొట్టి డీజిలు మిగిలిస్తాంటినమ్మా. దీంట్లో ఏం ఆపితే మిగుల్తాదో నాకింగా తెలీడంల్యా" అన్నాడు.

"తెలుసుకో. ఇంకొక్కటి వస్తే నీకైనా అంతే. మా నాయన దగ్గర పనిచేసినవాడి కొడుకువని చూడను."

తల ఊపాడు. మరీ గట్టిగా అన్నానేమో. కానీ ఒకరికి వదిలితే పన్నెండు మందీ నెత్తికెక్కుతారు.

నవంబర్ 21

ఎవరి బండీ పదిహేనుకు తగ్గలేదు. భయముంటేనే పని.

నవంబర్ 24

ఆళ్లగడ్డ చార్జర్ పడుకుంది. కర్నూలు నుంచి పవన్ వచ్చి బాగుచేయాలి. వచ్చే వారం గానీ కుదరదన్నాడు. మెకానిక్కులకు కూడా ఇప్పుడు ముహూర్తాలు. అంతదాకా ఆళ్లగడ్డ ట్రిప్పులు తగ్గించమంది దీపిక. పెళ్లిళ్ల కాలంలో ట్రిప్పులు తగ్గిస్తారా ఎవరైనా? సర్దుకొమ్మని గ్రూపులో పెట్టాను.

నవంబర్ 27, గురువారం

ఆరుంబావుకు ఫోన్ వచ్చింది. శిరివెళ్ల మెట్ట దాటాక దేవదానం బండి సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్దింది. ఫోన్ చూసుకుని బయల్దేరాను. అంతలో దేవదానమే ఆ మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని నంద్యాల పెద్దాసుపత్రికి తెచ్చాడు. నేను పోయేసరికి ప్రాణం పోయింది. సంజీవయ్య అట పేరు. పాలు పోసి ఇంటికి పోతున్నాడు. అరవై ఏళ్లుంటాయి.

దేవదానం చొక్కా నిండా పాలూ రక్తమూ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.   పోలీసులు తీసుకుపోయారు.

బండి లోపలికి తొంగి చూశాను. చార్జింగ్ తొమ్మిది. ఆ సమయంలో అది ఎందుకు చూశానో తెలియదు.

నవంబర్ 28

అన్నం పోలేదు.

నవంబర్ 30, ఆదివారం

సంజీవయ్య ఇంటికి పోయాను. పోవద్దంది దీపిక, పోవద్దన్నాడు నాయన. పోకుండా ఉండలేకపోయాను. ఆయన భార్య భారతమ్మ అరుగు మీద గోడకానుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మా ఆయన ఆ రోడ్డులో నలభై ఏండ్లు సైకిల్ తొక్కినాడమ్మా. ఎనక లారీ వస్తాంటే సప్పుడుకే మార్జిన్‌లోకి దిగుతాడు. ఎలుతురు పడితే దిగుతాడు. నీ కారుకు సప్పుడన్నా ల్యాకపాయె, ఎలుతురన్నా ల్యాకపాయె. దయ్యం మాదిరొచ్చె. ఎట్ల దిగుతాడు చెప్పు?"

 లేచి వచ్చేశాను. దారిలో బండి ఆపి ఏడ్చాను. కరెంటు కార్లకు చప్పుడు ఉండదని పాంప్లెట్లలో నేనే గొప్పగా అచ్చువేయించాను.

డిసెంబర్ 2

పోలీసులు బండి రికార్డు అడిగారు. బండిలో ఏ స్విచ్ ఎప్పుడు నొక్కినా లోపలి పెట్టెలో పడుతుంది. దీపిక తీసింది. సాయంత్రం 5.52కు హెడ్‌లైట్లు వేశాడు. 5.54కు చేత్తో ఆర్పాడు. 6.05కు బండి ఆగింది. మళ్లీ లైట్లు వేసి నంద్యాల దాకా తోలాడు.

"ఏసినోడు మళ్ల ఎందుకు ఆర్పినాడు మేడం? దేవదానమన్న అట్లాంటోడు కాదే" అని దీపిక నా మొహం చూసింది.

"నాకేం తెలుసు" అన్నాను. రికార్డు ఇవ్వక తప్పలేదు. చట్టం ప్రకారం ఇవ్వాలి. ఇచ్చాను.

డిసెంబర్ 3

లాయరు ముక్కుసూటిగా చెప్పాడు. లైట్లు వాటంతట అవి ఆరిపోయి ఉంటే తప్పు బండిది, అంటే కంపెనీది. పొరపాటున మరిచిపోయి ఉంటే నిర్లక్ష్యం కేసు, స్టేషన్‌లోనే బెయిలు. కానీ కావాలని చేత్తో ఆర్పాడని రికార్డు చెబుతోంది కాబట్టి పెద్ద సెక్షన్ పడుతుంది, బెయిలు అంత సులభంగా రాదు, ఏళ్లు కూడా పడొచ్చు.

"ఎవరైనా ఆర్పమని చెప్పి ఉంటే?" అని అడిగాను. ఊరికే, తెలుసుకుందామని.

"డ్రైవరు బరువు సగం దిగుతుంది. ఆ చెప్పినవాళ్లు కూడా ముద్దాయిలై పక్కన నిలబడతారు." కళ్లద్దాల పైనుంచి చూశాడు. "అట్లా ఎవరన్నా ఉన్నారా?"

లేరన్నాను.

డిసెంబర్ 5

దేవదానాన్ని ఆళ్లగడ్డ సబ్‌జైలుకు పంపారు. పోలీసులకు ఏం చెప్పాడో లాయరు చదివి వినిపించాడు. "చార్జింగ్ మిగులుతుందని నా అంతట నేనే లైట్లు ఆర్పినాను, ఎవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పలేదు అని ఎవరూ అడగకుండానే ఎందుకు చెప్పాడు?

డిసెంబర్ 6

పవన్ ఇప్పుడు వచ్చాడు, చార్జర్ బాగుచేయడానికి. చేతులు కాలాక ఆకులు. మాటల్లో మాటగా అడిగాను, హెడ్‌లైట్లకు చార్జింగ్ ఎంత పోతుందని.

"లైట్లకా?" అని నవ్వాడు. "గంట సేపు ఏసినా పావు పర్సెంట్ గూడా పోదు మేడం. తినేదంతా మోటారూ ఏసీనే. తెలీనోళ్లు లైట్లు ఆర్పుకోని వస్తాంటారు, పాపం."

నాకూ తెలియదు.

డిసెంబర్ 9, మంగళవారం

హన్నమ్మ వచ్చింది. దేవదానం భార్య. ఎప్పుడు వచ్చినా "వందనాలమ్మా" అంటుంది, ఇవాళ అనలేదు. కుర్చీ వేయిస్తే కూర్చోలేదు. కొంగులోంచి దేవదానం ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"నాకు సదువు రాదమ్మా. మా పిల్లతో సదివించినా. ఆ పొద్దు సాయంత్రం అయిదూ ఇరవై నాలుగుకు నువ్వేదో పంపినావంట. తీసేసినారు అని పడతాందంట. దాని కింద ఈయన సరేమ్మా అని పలికినాడు. ఏమని పంపినావమ్మా?"

 గొంతు ఎప్పటిలాగే వచ్చింది. నా గొంతుకు సిగ్గు లేదు.

"చార్జింగ్ తక్కువుందంటే, ఆళ్లగడ్డలోనే ఎక్కడన్నా పెట్టుకుని నిదానంగా రమ్మన్నాను."

"అట్లయితే ఎందుకు తీసేస్తివి?"

"పొరపాటున చెయ్యి తగిలి ఉంటుంది."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మా యక్క లూదియా ఇల్లు ఆళ్లగడ్డలోనే గదమ్మా. ఆ పొద్దు ఈయన ఆడికి పోయినాడంట. కారు ముంగల నిలబెట్టి, చార్జింగ్ వైరు బయటికి తీసినాడంట. నీకు ఫోన్ జేసినాడంట. మళ్ల ఫోన్‌లో ఏదో ఇన్నాడంట. ఇని, వైరు లోపల పెట్టేసి, టీ గూడా తాగకుండా బయల్దేరినాడంట. పెట్టుకోమంటే మళ్ల లోపల ఎందుకు పెట్టె?"

"నాకేం తెలుసు? మీ ఆయన్నే అడుగు!" అని అరిచాను.

"అడిగితే పలకడమ్మా. పలికుంటే నీ కాడికి యాల వస్తును?"

ఫోన్ కొంగులో కట్టుకుని పోయింది. దీపిక కంప్యూటర్‌లో తల దూర్చి కూర్చుంది. టీ తెమ్మన్నాను. తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది.

డిసెంబర్ 10

నవంబర్ 27న "ఫోన్ చూసుకుని బయల్దేరాను" అని రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని డైరీ. దీనికి కూడా అబద్ధం చెప్పాను.

చూసుకోవడం కాదు. తీసేశాను. మనిషి బతికున్నాడా చచ్చాడా అని అడగకముందే, చెప్పులు వేసుకోకముందే, నా మెసేజ్‌ను ఇద్దరి ఫోన్లలోంచీ తీసేశాను. లైట్లు లేవని ఫోన్‌లో ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట చాలింది నాకు. నా బుద్ధి అంత చురుగ్గా ఎప్పుడూ పనిచేయలేదు.

జరిగింది ఇది. ఐదూ ఇరవైకి దేవదానం ఫోన్ చేశాడు. "చార్జింగ్ ఇరవై రెండుందమ్మా. చార్జర్ పని జెయ్యడంల్యా. ఇట్లనే వస్తే షెడ్డుకు తొమ్మిదికి దిగుతాది. మా వదిన ఇంటికాడ రెండు గంటలు పెట్టుకోని వస్తాను" అన్నాడు. ఆరూ ముప్పావుకు రైల్వే స్టేషన్ నుంచి పెళ్లివాళ్ల ట్రిప్పు ఒకటి అతని పేరు మీద ఉంది. కుదరదు, వెంటనే బయల్దేరమన్నాను. "అట్లయితే మూడో మెమో పడతాది గదమ్మా" అన్నాడు. చిరాకేసి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. వాయిస్ పెట్టాను.

నా మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "ఏసీ ఆపినావు, పాటలు ఆపినావు, ఇంగ లైట్లు గూడా ఆర్పుకోని రాపో దేవదానం! పదిహేనుకు తగ్గిందో, మెమో మాత్రం ఖాయం."

ఎగతాళికి అన్నాను. దేవుడి మీద ఒట్టు, ఎగతాళికే. అన్నాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా.

"సరేమ్మా" అని వచ్చింది. రెండు సెకన్లు. నాది తీసేశాను గానీ అతనిది నేను తీసేయలేను. అది అక్కడే ఉంది.

డిసెంబర్ 11

పన్నెండు కుటుంబాలు నా మీద బతుకుతున్నాయి. నేను లోపలికి పోతే బండ్లు ఆగుతాయి, ఈ పన్నెండు మందీ మళ్లీ సొంత బండి అనే ఉరిలో తల పెడతారు. ఒక్క ఎగతాళి మాటకు ఇంతమంది నోటి దగ్గర కూడు తీయడం న్యాయమా? ఆలోచిస్తే న్యాయం కాదనే అనిపిస్తుంది.

ఉదయం నుంచి ఇది నాలుగోసారి ఆలోచించడం.

డిసెంబర్ 13, శనివారం

ఆళ్లగడ్డ సబ్‌జైలుకు పోయాను. గడ్డం తెల్లగా మాసి ఉంది. ఊచల అవతల నుంచి మొదట అడిగింది, "బండి అద్దం మార్పించినారామ్మా?" అని.

గార్డు అవతలికి పోయేదాకా ఆగి అడిగాను. "నేను ఎగతాళికి అంటినని నీకు తెలీదా దేవదానం?"

"తెల్సమ్మా."

"తెలిసీ యాల ఆర్పినావు?"

అతను ఊచ మీద బొటనవేలితో తుప్పు గీకుతూ నిలబడ్డాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. కోపం లేదు గొంతులో. ఉంటే తట్టుకునేదాన్ని.

"లైట్లు ఎగతాళేనమ్మా. మెమో ఎగతాళి గాదు గదా. రెండూ ఒగే నోట్లో నుంచి ఒగే తూరి వచ్చె. దాంట్లో నవ్వుకునేదేది, జేసేదేది అని ఏరుకునేది చెప్పినోళ్ల పని. జీతగాని పని గాదు. ఇంగా మసక ఎలుతురుండె, రోడ్డు నాకు తెలిసిందే, కొంచెం దూరం పోదాంలే అనుకుంటి. తప్పు నాదే. ఆ పెద్దాయన నాకు కనపళ్లా."

బొటనవేలికంటిన తుప్పు తుడుచుకున్నాడు.

"మా నాయనకు తిట్టు తెలీదని మీ ఇంట్లో నవ్వుకుంటారు. ఎద్దు పోయిన బాటే పో అంటే తిట్టని ఆయప్పకు తెల్దా? పోకుండా కూసుంటే, మర్నాడు ఎద్దేదిరా అని అడిగేది గూడా మీ నాయనే గదా. అందుకని పాయె. నేను పుట్టింది ఆ రెండు దినాల్లోనే. మా యమ్మ కాడ మంత్రసాని తప్ప ఎవురూ లేరంట. మా ఇంట్లో ఆ కతకు నవ్వరమ్మా."

నలభై ఏళ్లుగా ఎన్నిసార్లు నవ్వానో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఒకసారి అతని ముందే నవ్వాను. అతను కూడా నవ్వాడు అప్పుడు.

టైమయిందని గార్డు కేకేశాడు. దేవదానం గొంతు తగ్గించాడు. "హన్నమ్మ చెప్పె. చార్జింగ్ పెట్టుకోమంటినని ఆమెతో అన్నారంట గదా. ఎవురడిగినా అదే చెప్పండి. రెండు మాటలొద్దు. మీరు గూడా ఈడికొస్తే ఆ డ్రైవర్లందర్నీ ఎవురు జూస్తారు?"

సిగ్గు లేకుండా రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు ఊపిరి వచ్చింది.

డిసెంబర్ 14

ఎవరో పాత స్నేహితుడు వస్తే నాయన ఎద్దు కథ ఎత్తుకున్నాడు. యాకోబు బయల్దేరకముందే "చాలు నాయనా!" అని అరిచాను. వచ్చినాయన బిత్తరపోయాడు.

"ఏందీ పిల్లా, ఏమయింది నీకు?" అన్నాడు నాయన.

"ఆ రెండు రోజుల్లోనే దేవదానం పుట్టినాడంట. నీకు తెలుసా?"

నాయన కొంచెం ఆలోచించాడు. "అవునా? యాకోబు చెప్పనే లేదే" అన్నాడు. నిజంగానే తెలియదు. తర్వాత ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

డిసెంబర్ 16

పొద్దున్నే గ్రూపులో ఒక డ్రైవరు అడిగాడు. "మేడం, మంచు పడతాంది. లైట్లు ఏసుకోవచ్చా?"

ఇప్పుడు ప్రతిదీ అడుగుతున్నారు. అద్దం దించొచ్చా, హారన్ కొట్టొచ్చా. "నీ కళ్లకు ఏది కనపడితే అది చెయ్యి" అని టైప్ చేశాను. చేసి, చదివి, పంపకుండా తుడిచేశాను. "వేసుకోండి" అని పంపాను. పదిహేను రూలు కూడా తీసేశాను. ఎందుకు తీసేశానని ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 18

రేపు శిరివెళ్ల స్టేషన్‌కు రమ్మన్నారు, వాంగ్మూలానికి. హన్నమ్మ ఆ ఫోన్ తీసుకుపోయి ఎస్సై ముందు పెట్టిందట.

నిజం చెప్తాను. రేపు చెప్పేస్తాను. లైట్లు ఆర్పుకోని రమ్మన్నాను సార్, ఎగతాళికి అన్నాను, అతను జీతానికున్న మనిషి కాబట్టి విన్నాడు. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పి చూశాను. చెప్పగలను.

డిసెంబర్ 19, శుక్రవారం

హన్నమ్మ స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నేను లోపలికి పోయాను.

ఎస్సై మర్యాదస్తుడు. మంచినీళ్లు ఇప్పించాడు. దేవదానం ఫోన్ బల్ల మీద పెట్టి ఒకసారి నొక్కాడు. "సరేమ్మా." గదంతా వినిపించింది. వరండాలోకి కూడా వినిపించి ఉంటుంది.

"దీనికంటే ముందు మీరు ఏం పంపినారు మేడం?"

చెబుదామనే నోరు తెరిచాను. నా నోరు ఎంత మంచిదో నాకు తెలియదా.

"ఆళ్లగడ్డలో వాళ్ల వదిన ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకుని, నిదానంగా రమ్మన్నాను సార్."

"ఆయప్ప దానికి సరే అన్నాడు."

"అన్నాడు."

"అయినా పెట్టుకోలేదు."

అప్పుడు అర్థమైంది నాకు, ఈ మాట ఎటు పోతోందో. వెనక్కి తీసుకునే టైముంది. రైటర్ ఇంకా కాగితం సర్దుకుంటున్నాడు. నేను మంచినీళ్లు తాగాను.

"పెట్టుకోలేదు సార్."

రైటర్ రాసుకుని చదివి వినిపించాడు. "సదరు డ్రైవరు, చార్జింగ్ పెట్టుకొని నిదానంగా రావలసినదిగా యజమానురాలు చెప్పగా సరేనని ఒప్పుకొని కూడా, సదరు మాటను ఖాతరు చేయక, తన ఇష్టానుసారం బయలుదేరి, ఉద్దేశపూర్వకముగా లైట్లు ఆర్పివేసి..."

"చెప్పిన మాట వినని మనిషిని ఇన్నాళ్లు ఎట్లా పెట్టుకున్నారు మేడం?" అన్నాడు ఎస్సై. నిజంగా జాలిపడే అడిగాడు.

బయటికి వచ్చేసరికి హన్నమ్మ ఎదురొచ్చింది. "చెప్పినావామ్మా?" అంది.

"చెప్పినా" అన్నాను.

"అయితే ఇడుస్తారా?"

నేను బండెక్కాను. నంద్యాల దాకా పట్టపగలే లైట్లు వేసుకుని తోలాను.

చెప్పిన మాట యాకోబు కొడుకు వినలేదని సంతకం పెట్టి వచ్చాను.